అటకెక్కిన ఏడు నిమిషములు

కథ లేదు. సంభాషణ లేదు. అర్థము విప్పి చెప్పు వ్యాఖ్యాత గొంతు లేదు. నర్తించు యువజనులు, ప్రయోగశాలా పరికరములు, పూజాచిహ్నములు రెప్పపాటులో ఒకదాని వెంట నొకటి తెరపై మెరసి మాయమగుచుండును. దృశ్యము ధ్వనిని తరుముచున్నదో, ధ్వని దృశ్యమును తరుముచున్నదో తెలియదు. ఇది 1968లో ప్రమోద్ పతి తీసిన ‘ఎక్స్‌ప్లోరర్’ అను ఏడు నిమిషముల చిత్రము. పాటలకు దృశ్యములు కూర్చి ప్రసారము చేయు ఎం.టి.వి. అమెరికాలో పుట్టుటకు 13 సంవత్సరములు ముందటి మాట!

ఇంతటి వింతను తీయించిన వారెవరు? సాక్షాత్తు భారత ప్రభుత్వమే. 1948లో బొంబాయిలో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ ఆనకట్టలను గూర్చియు, ప్రణాళికలను గూర్చియు లఘుచిత్రములు తీసెడిది. అసలు సినిమాకు ముందు వానిని చూపవలెనని థియేటర్లకు నిబంధన యుండెడిది. మన టాకీసులలోను ఆ ‘న్యూస్ రీలు’ ముగియువరకు పలువురు బయట సోడా త్రాగుచు నిలిచెడివారు. ఆ సంస్థలోనే, చెకొస్లొవేకియాలో బొమ్మల చిత్రకళ నభ్యసించి వచ్చిన ఒడిశావాసి పతి, వేణువిద్వాంసుడు విజయరాఘవరావు సంగీతముతో ఇట్టి ప్రయోగములు చేసెను. 1975లో ఆయన అకాలమరణము చెందెను. చిత్రములు అటకెక్కినవి.

దశాబ్దముల తరువాత ఆ రీళ్లు డిజిటల్ రూపము దాల్చి అంతర్జాలమున ప్రత్యక్షమైనవి. నేటి విద్యార్థి చేతిలోని ఫోనులో వానిని చూచి, ‘ఇది మన దేశమున తీసినదేనా?’ అని విస్తుపోవును.

దీని ప్రక్కన మరియొక కథ నుంచి చూడుడు. 1969లో సుప్రసిద్ధ చిత్రకారుడు అక్బర్ పదమ్‌సీ ‘ఈవెంట్స్ ఇన్ ఎ క్లౌడ్ చేంబర్’ అను ప్రయోగచిత్రమును తీసెను. దానికి ఉన్నది ఒక్కటే ప్రతి. ఢిల్లీలో ప్రదర్శనకు పంపగా అది మరల రాలేదు. వృద్ధుడైన ఆ చిత్రకారుని జ్ఞాపకముల నాధారము చేసికొని, 2016లో ఆషిమ్ అహ్లువాలియా దానిని ఊహించి మరియొక చిత్రము తీయవలసి వచ్చెను.

పతి చిత్రము నిలిచినది ప్రతిభ వలన కాదు. పదమ్‌సీ చిత్రము పోయినది ప్రతిభ కొరవడి కాదు. ఒకదానికి జాబితాలో పేరు, గదిలో చోటు కలవు, రెండవదానికి లేవు. మనము విసుగుకొను సర్కారు బీరువాయే, ఎవరును అడుగని వస్తువును పారవేయక దాచినది. అయినను బీరువా యొక్కటే చాలదు. తీసి చూచువాడు రానిచో, దాచినదియు పోయినదానితో సమానమే.

మీ పాఠశాల వార్షికోత్సవమున పిల్లలాడిన నాటకమును ఎవరైన చిత్రించి యుంచిరా? దానికి రెండవ ప్రతి కలదా? సోమవారము బడికి పోగానే విచారింపుడు.