ఆర్చ్ లినక్స్ – నా తొలి ప్రయత్నము

‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అని పెద్దల సామెత. అద్దెయింట నుండువానికి గోడలు మాత్రమే తెలియును. దగ్గరనుండి కట్టించుకొన్నవానికి పునాది సయితము తెలియును. కంప్యూటరు విషయమునను ఇది సత్యమని నాకు ఇటీవల తెలిసినది.

కంప్యూటరు భాగములను నడిపించి, మన పనులకు తోడ్పడు ప్రోగ్రాముల సముదాయమునకు ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. 1991వ సంవత్సరమున ఫిన్లండు దేశమందలి హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ అట్టిదానికి మూలమగు లినక్స్ కెర్నెలును వెలువరించెను. దానికి ఇతర ప్రోగ్రాములను చేర్చి పలువురు పలువిధములుగా కూర్చిరి. ఆ కూర్పులే డిస్ట్రిబ్యూషనులు. ఉబుంటు వంటివి సర్వము అమర్చి యిచ్చును. 2002లో కెనడా దేశీయుడు జడ్ వినెట్ ప్రారంభించిన ఆర్చ్ లినక్స్ అట్లు కాదు. మూలభాగములనిచ్చి, తక్కినవి నీవే ఎంచుకొనుమనును.

ఒక పాత కంప్యూటరుపై దీనిని పరీక్షింపదలచితిని. డిస్కును విభజించునపుడు పొరపడినచో ఉన్నదంతయు నశించును గనుక, అందలి ఫైళ్లను ముందే వేరొకచోట భద్రపరచితిని. పెన్ డ్రైవుతో ప్రారంభింపగా, నల్లని తెరపై అక్షరములు తప్ప బొమ్మలు లేవు. ఆజ్ఞలను టైపు చేసి డిస్కును విభజించితిని; మూలభాగములను దింపుకొంటిని; యంత్రము మేల్కొనగానే కెర్నెలును పిలుచు బూట్ లోడరును నిలిపితిని.

తిరిగి ప్రారంభింపగా ఇంటర్నెట్టు లేదు! నెట్‌వర్కును నడుపు ప్రోగ్రామును చేర్చుట మరచితిని. దానిని దింపుకొనుటకు ఇంటర్నెట్టే కావలెను. తాళపుచెవిని పెట్టెలోనుంచి పెట్టెకు తాళము వేసినట్లయినది.

“తాతయ్యా! అంతయు తుడిచివేసి మరల మొదలుపెట్టరాదా?” అని మనుమడనెను.

నేను ఆర్చ్ వారి వివరణ పుటలను ఓపికతో చదివితిని. కట్టినది కూల్చనక్కరలేదు. పెన్ డ్రైవులోని వ్యవస్థకు ఇంటర్నెట్టు కలదు గదా! దానితో మరల ప్రారంభించి, డిస్కును జతపరచి, ఆర్చ్-క్రూట్ అను ఆజ్ఞతో కొత్త వ్యవస్థలోనికి ప్రవేశించి, పాక్‌మాన్ అను సాధనముచే లోపించిన ప్రోగ్రామును చేర్చితిని. పిదప పాత యంత్రమునకు భారము కాని ఎక్స్‌ఎఫ్‌సీఈ తెరను అమర్చితిని. తెలుగు అక్షరములకు బదులు డబ్బాలు కనబడగా, తెలుగు ఫాంటును చేర్చితిని.

2021 నుండి ఈ పనిని సులభము చేయు ఆర్చిన్‌స్టాల్ అను ప్రోగ్రామును పెన్ డ్రైవు ప్రతిలోనే చేర్చి యిచ్చుచున్నారు. అయినను నేర్వగోరువారు ఒకసారి స్వయముగా చేయుట మేలు. విద్యార్థులారా! మీకును ఇట్టి కోరిక కలిగినచో, ఇంటిలోని వారికి అవసరమైన కంప్యూటరును ముట్టకుడు, పాతదానిపై ప్రయత్నింపుడు. తప్పు జరిగినపుడు తుడిచివేయుటకు తొందరపడక, కారణమును వెదకుడు. నాకు ఆ యంత్రమును గూర్చి తెలిసినదానిలో అధికభాగము ఆ పొరపాటు వలననే తెలిసినది.