భయము తొలగు క్రమము

లేపాక్షి వీరభద్రాలయమును చూడవచ్చినవారు వ్రేలాడు స్తంభము క్రింద గుడ్డను దూర్చి, ఆవలికి లాగి, ఆశ్చర్యపడి, పిదప అసంపూర్తిగా నిలిచిపోయిన కల్యాణమండపమువైపు నడతురు. అచ్చట గోడమీది ఎఱ్ఱని మరకలను చూపి ఊరివారు విరూపణ్ణ కథను చెప్పుదురు. అచ్యుతదేవరాయల (1529–1542) కోశాధికారియైన ఆతడు రాజధనమును అనుజ్ఞ లేక ఆలయమునకు వెచ్చించెనని అభియోగము పుట్టగా, కన్నులు పెఱికింపుడను రాజాజ్ఞ అమలు కాకమునుపే తన చేతులతో తానే వానిని పెఱికి గోడకు విసరెనట. ఇది చరిత్ర కాదు, ఐతిహ్యము. అయినను భయమునుగూర్చి యోచించువానికి ఇంతకంటె నిశితమైన కథ ఈ సీమలో దొరకదు. ఆ చేతను లోకము ధైర్యమని మెచ్చును. దండనకు వెఱచి, ఆ దండనను తానే ముగించుకొన్నవాని భయము తొలగినదా యని అడిగినచో మాత్రము లేదనియే చెప్పవలసియుండును.

భయమును మించి దూకుట వేఱు, భయమునకు చోటు లేకుండుట వేఱు. ఈ రెండవదానిని క్రమముగా వివరించినవారు బౌద్ధులు. వారి ధర్మము ఈ ప్రాంతమునకు పరాయిదియు కాదు. గుత్తికి చేరువనున్న ఎఱ్ఱగుడి బండలమీద అశోకుని శాసనములు నేటికిని కలవు.

బోధిసత్త్వుడు తన సాధనలో ప్రముదిత యను తొలి భూమిని చేరగనే ఐదు భయములు అతనిని విడుచునని దశభూమికసూత్రము చెప్పును: ఆజీవికాభయము, అపకీర్తిభయము, మరణభయము, దుర్గతిభయము, సభాభయము. బ్రతుకుతెరువునుగూర్చిన భయమునకే అగ్రస్థానము లభించుట గమనింపదగినది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానకు నోచుకొన్న అనంతపురపు పీఠభూమిలో, మృగశిర కార్తె మబ్బులను నమ్మి, అప్పు తెచ్చి వేరుశనగ విత్తిన రైతునకు దీనికి వ్యాఖ్యానమక్కఱలేదు. సభలో నోరు పెగలని జంకును మరణభయము సరసన కూర్చుండబెట్టుట విడ్డూరముగా తోచవచ్చును గాని, ఒక్కమారైనను వేదిక నెక్కినవారు ఆక్షేపింపరు. ఈ భయములు తొలగుటకు సూత్రము చెప్పు కారణము సాహసము కాదు, నేననెడి పట్టు సడలుట. తనయందు మమకారము లేనివానికి తన సొత్తునుగూర్చిన బెంగయుండదు. ఇతరుల గౌరవమును ఆశింపనివానికి అపకీర్తి తగులదు.

ఆ పట్టును సడలించు అభ్యాసమెట్టిదో పాలిభాషలోని భయభేరవసుత్తమున బుద్ధుడే తన పూర్వానుభవముగా చెప్పెను. సంబోధికి ముందు ఆయన పక్షములోని అష్టమి, చతుర్దశి, పంచదశి రాత్రులయందు జనులు వెఱచు వనచైత్యములకు కోరిపోయి వసించెడివాడు. మృగము వచ్చినను, నెమలి పుల్లను విఱిచినను, గాలికి ఆకులు గలగలలాడినను ఒడలు జలదరించెడిది. నడచుచుండగా భయము కలిగినచో నడచుచునే, కూర్చుండియుండగా కలిగినచో కూర్చుండియే, అది అణగువఱకు ఉన్న స్థితిని మార్చక నిలిచెను. పాఱిపోలేదు, పైబడలేదు. నడవడిలో కల్మషమున్నవారికే అడవి అధికముగా భయంకరమగునని కూడ ఆయన అచ్చటనే చెప్పెను.

విచిత్రమేమనగా, సాధన ముదిరినకొలఁది భయము తిన్నగా తఱిగిపోదు. 5వ శతాబ్దమున అనురాధపురమందు బుద్ధఘోషుడు రచించిన విసుద్ధిమగ్గమునుబట్టి, సమస్తమును క్షణక్షణమును భగ్నమగుటను చూచిన సాధకునకు జగత్తంతయు భయంకరముగా తోచు దశ యొకటి నడుమ వచ్చును. ఆ దశలో కలుగు జ్ఞానము తాను భయపడునా యని ప్రశ్నించి, భయపడదనియే ఆయన సమాధానమిచ్చెను: నగరద్వారముకడ మూడు నిప్పులగుంటలను చూచువాడు, వీనిలో పడినవాడు మిక్కిలి బాధపడునని ఎఱుఁగునే కాని తాను వణకడు. పిమ్మట నిర్వేదము, విముక్తికాంక్ష, తుదకు భయమును సంతోషమును రెంటిని విడిచిన ఉపేక్ష వరుసగా కలుగును.

ఈ విషయమునే మన ఆచార్య నాగార్జునుడు, శాతవాహనరాజునకు ఉపదేశముగా చెప్పెనని సంప్రదాయము తలచు రత్నావళిలో, మఱింత పదునుగా పలికెను. నేను లేను, నాది లేదు అను బోధను విన్నంతనే మూఢులు గడగడలాడుదురనియు, వివేకికి భయము నశించునది ఆ బోధచేతనే యనియు ఆయన భావము. ఈ గ్రంథము సంస్కృతమున అసంపూర్ణముగా మిగిలినది, టిబెట్టు అనువాదమున సమగ్రముగానున్నది. ఆయన పేరును కొండకును సాగరమునకును పెట్టుకొన్న తెలుగువారము, దీని మొదటి ప్రకరణమునైనను ఒకమారు తీరికగా చదువవలెను.