పాఠం ఇంగ్లీషులో, పత్రిక తెలుగులో

2023 డిసెంబరు 7, గురువారం రాత్రి. ఉల్లి ఎగుమతులను నిషేధిస్తూ కేంద్ర ప్రభుత్వం నిర్ణయం తీసుకుంది. మర్నాటి నుంచి 2024 మార్చి 31 వరకు అది అమల్లో ఉంటుందని ప్రకటించింది. వార్తాసంస్థల ఇంగ్లీషు ప్రతి భాషాపత్రికల డెస్క్‌లకు చేరింది. కర్నూలు మార్కెట్ యార్డుకు సరకు తీసుకెళ్లే రైతుకు అది ఢిల్లీ వార్త కాదు, ఇంటి వార్త. బస్తాలు బండికెత్తాలో, నాలుగు రోజులు ఆగాలో తేల్చుకోవడానికి ఆ వార్త అతనికి ఒక్క చదువులో అర్థం కావాలి.

ఇంగ్లీషు వాక్యం నడకను విడవకుండా ఆ వార్తను తెలుగు చేస్తే ఇలా తయారవుతుంది: ‘దేశీయ విపణిలో పెరుగుతున్న ధరలను నియంత్రించే దృష్టితో వచ్చే సంవత్సరం మార్చి వరకు ఉల్లి ఎగుమతులు కేంద్ర ప్రభుత్వం చేత నిషేధించబడ్డాయి.’ ఇందులో వాస్తవ దోషం లేదు. అయినా అసలు సంగతి తెలియాలంటే పాఠకుడు వాక్యం చివరిదాకా ప్రయాణించాలి. అదే సమాచారాన్ని మరోలా చెప్పవచ్చు: ‘ఉల్లి ఎగుమతులపై కేంద్రం నిషేధం విధించింది. మార్చి నెలాఖరు వరకు ఇది అమల్లో ఉంటుంది. దేశంలో ధరలు పెరగడమే ఇందుకు కారణం.’ మొదటి వాక్యం రాసేవారిని రెండో పద్ధతికి మళ్లించడమే పాత్రికేయ విద్య చేయవలసిన పని. మన విశ్వవిద్యాలయాల్లో ఈ పని ఎంతవరకు జరిగిందన్నదే ప్రశ్న.

క్రియాపదంతోనే చిక్కు

వార్తారచన నేర్చుకునే విద్యార్థికి తొలిరోజుల్లోనే రెండు సూత్రాలు చెబుతారు. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అన్న ప్రశ్నలకు వార్త జవాబివ్వాలన్నది మొదటిది. ముఖ్యాంశం ముందు, వివరాలు తర్వాత రావాలనే ‘తలకిందుల పిరమిడ్’ రెండోది. ఇవి ఏ భాషకైనా పనికివచ్చేవే. అయితే ఇంగ్లీషు వాక్యంలో కర్త వెంటనే క్రియ వస్తుంది. ఎంత పొడుగు వాక్యమైనా ఏం జరిగిందో మొదటి నాలుగైదు మాటల్లోనే తేలిపోతుంది. తెలుగులో క్రియ సాధారణంగా చివర ఉంటుంది. ఇంగ్లీషులో వాక్యం చివర తగిలించే ‘అని మంత్రి చెప్పారు’ అన్న మాటకు తెలుగులో చోటు వేరు. చెప్పిందెవరో ముందుగా తెలియకపోతే మంత్రి ఆరోపణను పాఠకుడు పత్రిక నిర్ధారణగా పొరబడే ప్రమాదం ఉంది. అందువల్ల ఆ రెండు సూత్రాలను తెలుగులో పాటించాలంటే వాక్యాన్ని విరవడం, కర్మణి ప్రయోగాన్ని వదలడం, ఎవరి మాటో ముందే చెప్పడం విడిగా నేర్చుకోవాలి.

అమెరికా నమూనా

ఈ లోపానికి మూలాలు చరిత్రలో ఉన్నాయి. అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో పాత్రికేయ విద్యాలయం 1908లో ప్రారంభమైంది. అదే సంవత్సరం కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా స్థాపించడం యాదృచ్ఛికమే. అక్కడ పాత్రికేయులు తరగతి గదిలో తయారు కావడం మొదలైతే, ఇక్కడి తొలితరం పత్రికా కార్యాలయాల్లోనే పని నేర్చుకుంది.

మన దేశంలో విశ్వవిద్యాలయ స్థాయి శిక్షణ 1941లో లాహోరులోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో నిలదొక్కుకుంది. దేశ విభజనతో ఆ శాఖ ఢిల్లీకి, తర్వాత చండీగఢ్‌కు తరలింది. నాగపూర్‌లోని హిస్లాప్ కళాశాలలో 1952లో శాఖ ఏర్పడినప్పుడు అమెరికన్ ఆచార్యుడు రోలండ్ వోల్స్‌లీ తోడ్పడ్డారు. హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1954లో శాఖ ఏర్పాటులో మరో అమెరికన్ ఆచార్యుడు డిఫారెస్ట్ ఓడెల్ పాలు పంచుకున్నారు. వారి సేవ విలువైనదే. కానీ పాఠ్యపుస్తకాలతోపాటు ఇంగ్లీషు వాక్యమే ప్రమాణమన్న భావన కూడా వచ్చి స్థిరపడింది.

1965లో ఢిల్లీలో ఏర్పడిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్ తర్వాతి దశాబ్దాల్లో హిందీ, ఉర్దూ, ఒడియా, మరాఠీ, మలయాళ భాషల్లో పాత్రికేయ కోర్సులు ప్రవేశపెట్టింది. వార్తాసంస్థల విషయంలోనూ హిందీకి ముందుగానే మేలు జరిగింది. యూఎన్ఐ 1982లో ‘యూనివార్త’ను, పీటీఐ 1986లో ‘భాష’ను ప్రారంభించాయి. తెలుగు పత్రికల జాతీయ వార్తల పుటలు మాత్రం దశాబ్దాలపాటు ప్రధానంగా ఇంగ్లీషు ప్రతినుంచే తయారయ్యాయి. మిగతా భాషలవారికంటే మనకు అనువాద శిక్షణ ఎక్కువ అవసరమనడానికి ఇదే ఆధారం.

పత్రికలే పాఠశాలలు

విశ్వవిద్యాలయాలు వదిలేసిన ఖాళీని పత్రికలే పూరించుకోవలసి వచ్చింది. ఈనాడు జర్నలిజం పాఠశాలకు ప్రధానాచార్యుడిగా పనిచేసిన బూదరాజు రాధాకృష్ణ (1932-2006) భాషాశాస్త్రవేత్త కావడం గమనార్హం. తెలుగు పాత్రికేయుడికి మొదట కావలసింది తెలుగు వాక్యమన్న గుర్తింపు అందులో ఉంది. మాటల కోసం వెతికేవారికి ఆధారాలు లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ మాండలిక వృత్తి పదకోశం 1962లోనే వెలువడింది. రైతులు వాడే మాటలను ప్రాంతాలవారీగా సేకరించిన ఆ గ్రంథం పాత్రికేయ విద్యార్థి బల్లమీద ఉండదగినది.

అయితే పత్రికలు నడిపే శిక్షణకు పరిమితులున్నాయి. అది ఆ సంస్థ అవసరాల మేరకే సాగుతుంది. సంస్థ శైలి అబ్బుతుంది గానీ, ఆ శైలిని ప్రశ్నించే తీరిక దొరకదు. ఆ తీరిక ఇవ్వగలిగినది కళాశాల ఒక్కటే.

యంత్రం వచ్చాక

ఇప్పుడు ఇంగ్లీషు ప్రతిని క్షణాల్లో తెలుగు చేసిపెట్టే యంత్రాలు వచ్చాయి. ఇక అనువాదం నేర్పడమెందుకన్న వాదన సహజంగానే వినిపిస్తుంది. యంత్రమిచ్చిన వాక్యం వ్యాకరణానికి లొంగినా, తరచు ఇంగ్లీషు నడకతోనే ఉంటుంది. ‘నిషేధించబడ్డాయి’ అన్నచోట ఆగి దిద్దవలసింది మనిషే. అసలు మంచి వాక్యమేదో తెలియనివారు చెడ్డ వాక్యాన్ని ఎలా పట్టుకోగలరు?

ఇందుకు భారీ నిధులు అక్కరలేదు. వారానికి రెండు గంటలు కేటాయించి, ఆనాటి ఇంగ్లీషు వార్త ఒకటి విద్యార్థులచేత తెలుగులో రాయించాలి. దాన్ని తరగతిలోనే పైకి చదివించి, వినేవారికి అర్థం కానిచోట దిద్దించాలి. డెస్క్‌లో అర్ధరాత్రి గడువుకు తరుముకుంటూ నేర్చుకునే విద్యను పగటిపూట నిదానంగా నేర్పినట్లవుతుంది. పట్టా ఏ భాషలో ఇచ్చినా, పరీక్ష పెట్టేవాడు మాత్రం మర్నాడు తెల్లవారుజామున పత్రిక విప్పే పాఠకుడే.