మట్టి లెక్క వేరు, కడుపు లెక్క వేరు

కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ 2025 జులైలో కలుషిత స్థలాల నిర్వహణ నియమాలను ప్రకటించడంతో, మూతపడిన కర్మాగారాల ఆవరణల్లోనూ, రసాయన వ్యర్థాలను గుట్టుచప్పుడు కాకుండా పారబోసిన గుంటల్లోనూ పేరుకుపోయిన విషాన్ని ఎవరు, ఏ పద్ధతిలో తొలగించాలన్న ప్రశ్నకు దేశంలో ఒక చట్టబద్ధమైన దారి ఏర్పడింది. అప్పటికి గుర్తించిన ఇటువంటి స్థలాలు 103 కాగా, శుద్ధి పనులు మొదలైనవి ఏడు చోట్ల మాత్రమే. అనుమానిత స్థలాల వివరాలను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకొకసారి పంపాలనీ, 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, ఆపై మూడు నెలల్లో సమగ్ర సర్వే జరగాలనీ, కాలుష్యానికి కారకులైనవారే ఖర్చు భరించాలనీ నియమాలు చెబుతున్నాయి. ఈ ఏర్పాట్లన్నీ పత్రికల్లో వచ్చినవే గనుక వాటిని ఇక్కడ వివరించనక్కరలేదు. వాటన్నిటికీ ఆధారమైన శాస్త్ర ప్రశ్న మాత్రం అంతగా చర్చకు రాలేదు: మట్టిలో విషం ఎంతకు తగ్గితే ఆ స్థలం శుద్ధి అయినట్టు?

సున్నాకు తగ్గాలన్న సమాధానం వినడానికి ఇంపుగా ఉంటుంది గాని, ఏ కర్మాగారమూ లేని చోట కూడా కిలో మట్టిలో సుమారు 10 నుంచి 20 మిల్లీగ్రాముల సీసం సహజంగానే ఉంటుంది కాబట్టి దానికి అర్థం లేదు. సున్నాకు దగ్గరగా వెళ్ళాలని ప్రయత్నించిన దేశం నెదర్లాండ్స్. రోటర్‌డామ్ సమీపంలోని లెక్కర్‌కెర్క్ అనే ఊళ్ళో రసాయన వ్యర్థాల డ్రమ్ములను పూడ్చిన నేల మీద ఇళ్ళు కట్టిన సంగతి బయటపడి, 1980లో వందల కుటుంబాలను ఖాళీ చేయించిన తరువాత, డచ్చి ప్రభుత్వం 1983లో మట్టికి ఏ, బీ, సీ అనే మూడు అంచెల విలువలను నిర్ణయించింది. వీటిలో ఏ అన్నది సహజ స్థాయి. బీ దాటితే మరింత లోతుగా పరిశోధించాలి. సీ దాటితే శుద్ధి చేయాలి. శుద్ధి చేసిన నేల ఏ అవసరానికైనా పనికిరావాలన్నది వారి ఆదర్శం. అంటే ఓడరేవు గోదాము కింది నేలలో కూడా ఆకుకూరలు పండించుకోగలగాలి. ఖర్చు తలకు మించిన భారమై, శుద్ధి కావలసిన స్థలాలు అలాగే మిగిలిపోవడంతో 1990ల చివరికి ఆ ఆదర్శాన్ని పక్కనపెట్టి, నేలను దేనికి వాడతారో దానికి తగినంత శుద్ధి చాలునన్న విధానానికి మళ్ళారు.

ఈ మలుపుతో ప్రమాణం మట్టి నుంచి మనిషి వైపు తిరిగింది. ఇప్పుడు చాలా దేశాల్లో ప్రమాణాన్ని వెనక నుంచి ముందుకు, అంటే శరీరం తట్టుకోగల మోతాదు నుంచి మట్టిలో ఉండదగ్గ మోతాదుకు లెక్క కడతారు. కాడ్మియం విషయంలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ వేసిన లెక్క ఇందుకు చక్కని ఉదాహరణ. కిలో శరీర బరువుకు రోజుకు 1 మైక్రోగ్రాము కాడ్మియం వరకు ఆహారంతో లోపలికి పోయినా హాని ఉండదని ఆ సంస్థ నిర్ణయించింది. ఆ లెక్కన 15 కిలోల బిడ్డకు రోజుకు 15 మైక్రోగ్రాములు పరిమితి. ఇంటి బయట ఆడుతూ, చేతులు నోట్లో పెట్టుకుంటూ ఆ బిడ్డ రోజుకు 200 మిల్లీగ్రాముల మట్టిని మింగుతుందని అనుకుంటే, ఒక గ్రాము మట్టిలో 75 మైక్రోగ్రాములకు మించి కాడ్మియం ఉండకూడదు. ఏడాదిలో 350 రోజులే అక్కడ ఉంటుందన్న సవరణ చేర్చగా వచ్చేది, ఆ సంస్థ 1996లో ప్రకటించిన కిలోకు 78 మిల్లీగ్రాముల విలువ. రసాయన శాస్త్ర సూత్రాలతో పని లేకుండా, ఒక పసిబిడ్డ బరువు, అలవాట్లు, ఆటస్థలం కలిసి ఇచ్చిన అంకె ఇది.

సీసం దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క సాగదు. దాని విషయంలో హాని లేని మోతాదు అంటూ ఏదీ తేలలేదు. అటువంటి మోతాదు ఉందని దశాబ్దాల పాటు గట్టిగా వాదించినవాడు, సీసం కలిపిన పెట్రోలు పరిశ్రమకు వైద్య సలహాదారుగా పనిచేసిన రాబర్ట్ కీహో. సీసం మనిషి శరీరంలో ఎప్పుడూ ఉండే సహజ పదార్థమేననీ, రక్తంలో డెసిలీటరుకు దాదాపు 80 మైక్రోగ్రాముల దాకా భయం లేదనీ అతని సిద్ధాంతం. సహజమని అతడు కొలిచిన మనుషులంతా అప్పటికే సీసం పొగ పీల్చుతున్నవారన్న సంగతిని పట్టుకున్నవాడు వైద్యుడు కాడు, భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని లెక్కగట్టిన భూరసాయన శాస్త్రవేత్త క్లేర్ పాటర్సన్. రాళ్ళలోని సీసం ఐసోటోపులను కొలవబోతే ప్రయోగశాల దుమ్ములోని సీసమే అడ్డుపడుతుండటంతో, ఆ దుమ్ము ఎక్కడిదని వెతుకుతూ పోయిన పాటర్సన్, సాధారణ స్థాయి వేరు, సహజ స్థాయి వేరు అని 1965లో ప్రకటించాడు. తరువాతి కాలంలో పిల్లల రక్తంలో గమనించవలసిన స్థాయిని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 1991లో 10కి, 2012లో 5కు, 2021లో 3.5 మైక్రోగ్రాములకు దించుకుంటూ వచ్చింది.

అందుకే సీసానికి మోతాదు బదులు రక్తాన్నే అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కొలబద్దగా తీసుకుంది. గాలి, నీరు, తిండి, మట్టి, ఇంటి దుమ్ము అనే మార్గాల్లో ఏడేళ్ళ లోపు బిడ్డ శరీరంలోకి చేరే సీసం, అక్కడి నుంచి ఎముకలకూ మూత్రపిండాలకూ పంపిణీ కాగా రక్తంలో ఎంత నిలుస్తుందో అంచనా కట్టే గణిత నమూనా ఒకటి ఉంది. రక్తంలో 10 మైక్రోగ్రాములు దాటే అవకాశం నూటికి ఐదుకు మించకూడదన్న షరతుతో ఆ నమూనా 1994లో ఇచ్చిన విలువ, నివాస స్థలాల్లో కిలో మట్టికి 400 మిల్లీగ్రాములు. షరతును 5 మైక్రోగ్రాములకు బిగించి 2024 జనవరిలో దాన్ని 200కు తగ్గించారు. 2025 అక్టోబరులో మళ్ళీ సవరించి, 200 దాటితే పరిశీలించాలనీ, 600 దాటితే తొలగింపునకు పూనుకోవాలనీ రెండు మెట్లు పెట్టారు.

ఈ అంకెలన్నిటిలోనూ బయటికి కనిపించని ఒక ఊహ ఉంది, అసలు ఆసక్తికరమైన విషయమంతా అక్కడే ఉంది. నీటిలో కరిగిన సీసాన్ని మింగితే అందులో సగం పసిబిడ్డ ఒంటికి పడుతుందనీ, మట్టితో మింగిన సీసంలో 30 శాతం మాత్రమే ఒంటికి పడుతుందనీ ఆ నమూనా అనుకుంటుంది. అంటే కరిగిన సీసంతో పోల్చినప్పుడు మట్టి సీసం ఒంటబట్టే పాలు 60 శాతం. శాస్త్రజ్ఞులు జైవ లభ్యత అని పిలిచే ఈ పాలు అన్ని రకాల మట్టిలోనూ ఒకటి కాదు. గనుల్లో దొరికే గెలీనా అనే ఖనిజంలో సీసం గంధకంతో బిగుసుకుపోయి ఉంటుంది. సెరుసైట్ అనే ఖనిజంలో కార్బొనేటు రూపంలో ఉంటుంది. బ్యాటరీలు పగలగొట్టే చోట నేలలో పడిన సీసం కూడా తేమతోనూ గాలిలోని బొగ్గుపులుసు వాయువుతోనూ కలిసి తరచుగా కార్బొనేటుగానే మారుతుంది. నోట్లో వేసుకున్న గులకరాయికీ, పటికబెల్లం ముక్కకూ ఎంత తేడా ఉందో కడుపులోని ఆమ్లానికి గెలీనాకూ కార్బొనేటుకూ మధ్య అంత తేడా ఉంది. మామూలు పరీక్షలో మట్టిని ఘాటైన ఆమ్లాల్లో ఉడికించి ఉన్న సీసమంతా లెక్కపెడతారు గనుక, ఈ తేడా ప్రయోగశాల నివేదికలో కనిపించనే కనిపించదు.

తేడాను కొలవాలంటే ఎవరైనా ఆ మట్టిని తినాలి. మొదట ఎలుకలకు తినిపించారు; గని ప్రాంతాల మట్టిలోని సీసం ఒంటికి పట్టడం తక్కువని ఆ ఫలితాలు చూపగా, శుద్ధి ఖర్చు తప్పించుకోదలచినవారికి అవి అక్కరకొచ్చాయి. ఎలుక జీర్ణాశయం పసిబిడ్డ జీర్ణాశయానికి సరైన ప్రతినిధి కాదన్న అభ్యంతరం రావడంతో, మిస్సోరీ విశ్వవిద్యాలయంలో స్టాన్ కాస్టీల్ బృందం పాలు మరిచిన పంది పిల్లలను ఎంచుకుంది. పిండి ముద్దలో మట్టిని పెట్టి 15 రోజుల పాటు రోజూ తినిపించి, రక్తం, కాలేయం, మూత్రపిండం, ఎముకల్లో చేరిన సీసాన్ని, కరిగిన సీసం లవణాన్ని తిన్న పంది పిల్లల్లో చేరిన దానితో పోల్చారు. రకరకాల స్థలాల నుంచి తెచ్చిన మట్టిలో ఒంటబట్టే పాలు దాదాపు ఒక శాతం నుంచి నూరు శాతం దాకా ఉన్నట్టు తేలింది. ఒక శాతం దగ్గర ఉన్నది గెలీనా కలిపిన మట్టి. అందరికీ ఒకే 60 శాతం అని వేసుకున్న ఊహ కొన్ని చోట్ల అనవసరంగా కఠినమైనదనీ, మరికొన్ని చోట్ల బిడ్డకు ప్రమాదకరమైనదనీ దీనితో రుజువైంది.

ప్రతి స్థలానికీ పందులను పెంచడం జరిగే పని కాదు కాబట్టి, కొలరాడో విశ్వవిద్యాలయంలో జాన్ డ్రెక్స్‌లర్ ఆ పనిని సీసాలోకి దించాడు. మట్టిని ఆరబెట్టి, 150 మైక్రాన్ల జల్లెడ పడతారు. వేళ్ళకు అంటుకొని నోట్లోకి పోయేది ఆ మెత్తటి మట్టే. అందులో ఒక గ్రామును 100 మిల్లీలీటర్ల ద్రవంలో వేస్తారు. ఆ ద్రవంలో ఉండేవి గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం, పీహెచ్ 1.5కు వచ్చేంత హైడ్రోక్లోరిక్ ఆమ్లం మాత్రమే. పీహెచ్ 1.5 అంటే ఖాళీ కడుపులోని పులుపు; గ్లైసీన్ పని దాన్ని అటూ ఇటూ కాకుండా నిలపడం. సీసాను 37 డిగ్రీల సెల్సియస్ వద్ద, అంటే ఒంటి వేడిలో, ఒక గంట సేపు తలకిందులుగా తిప్పుతూ ఉంచి, వడగట్టి, ద్రవంలోకి దిగిన సీసాన్ని కొలుస్తారు. ఎంజైములు లేవు, పిత్తరసం లేదు, అసలు పేగే లేదు. అయినా కరిగిన పాలును 0.878తో గుణించి 0.028 తీసివేస్తే పంది పిల్లలు ఇచ్చిన సమాధానానికి చాలా దగ్గరగా వస్తుంది. సీసం రక్తంలోకి వెళ్ళేది చిన్న పేగు నుంచే అయినా, ఎంత వెళ్ళగలదన్నది అంతకు ముందే కడుపులోని కరుగుదలతో తేలిపోతున్నదని ఇంత సాదా పరీక్ష తేల్చడం ఈ రంగంలోకెల్లా ముచ్చటైన ఫలితం.

కిలోకు 600 మిల్లీగ్రాముల సీసం ఉన్న రెండు స్థలాలను తీసుకుంటే దీని విలువ తెలుస్తుంది. 60 శాతం ఊహ మీద నిలిచిన 200 ప్రమాణం అంటే, ముతక లెక్కన, ఒంటబట్టే సీసం 120కి మించరాదని. మొదటి స్థలంలో ఒంటబట్టే పాలు 10 శాతమైతే అక్కడి లెక్క 60 దగ్గరే ఆగుతుంది. రెండో చోట నూరు శాతమైతే 600, అంటే పరిమితికి ఐదింతలు. రెండింటికీ ప్రయోగశాల ఇచ్చే నివేదిక మాత్రం ఒక్కటే.

ఇక్కడ మరో పొరపాటును కూడా ప్రస్తావించాలి. వ్యర్థం ప్రమాదకరమా కాదా అని తేల్చడానికి ఎసిటిక్ ఆమ్లంలో 18 గంటలు తిప్పే ఊట పరీక్ష ఒకటి విరివిగా వాడుకలో ఉంది. చెత్త పూడ్చిన గుంటలోని ఊటనీరు భూగర్భ జలాన్ని ఎంత పాడుచేస్తుందో అది చెబుతుంది. ఆ పరీక్షలో గట్టెక్కిన మట్టి పిల్లలకూ క్షేమమేనని భావించడం, గుంటను అడగవలసిన ప్రశ్నకు వచ్చిన జవాబును కడుపుకు అంటగట్టడమే. అలాగే, మట్టికి ఫాస్ఫేటు కలిపితే సీసం పైరోమార్ఫైట్ అనే కరగని ఖనిజంగా మారి, తవ్వకుండానే ప్రమాదం తగ్గుతుందన్న ఉపాయం అందమైనదే గాని, అదే మట్టిలో ఆర్సెనిక్ కూడా ఉంటే ఫాస్ఫేటు దాని చోటును ఆక్రమించి ఆర్సెనిక్‌ను నీటిలోకి తోసేయగలదు.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు, కాటేదాన్ పారిశ్రామికవాడల మట్టిలోని భార లోహాలను ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ పద్ధతిలో కొలిచి 2000ల తొలి దశాబ్దంలోనే ప్రచురించారు. కాలుష్యం ఎక్కడుందో చూపడానికి అవి విలువైన అధ్యయనాలే. అయితే ఆ పద్ధతి కొలిచేది మట్టిలో ఉన్న మొత్తాన్నే, ఒంటబట్టే పాలును కాదు. పైగా దేశంలో ఇంతకాలం వాడిన మార్గదర్శక విలువలు చాలావరకు విదేశీ పట్టికల ఆధారంగా ఏర్పడినవి. అరువు తెచ్చుకున్న ప్రమాణంలో మనకు తెలియకుండానే అరువు బిడ్డ కూడా వస్తుంది. ఆ బిడ్డ చెప్పులు తొడుక్కొని పచ్చిక మీద ఆడుతుంది, వేళకు తింటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తహీనతంతా ఇనుము లోపం వల్లనే రాదు గాని, ఇనుము చాలని పేగు దాన్ని అందుకొనే ప్రొటీన్లను పెంచుకున్నప్పుడు ఆ దారినే సీసం కూడా జొరబడగలదు. ఖాళీ కడుపున ఉన్న బిడ్డకు, కాల్షియం చాలని బిడ్డకు కూడా సీసం ఎక్కువగానే ఒంటబడుతుంది. వట్టి కాళ్ళతో మట్టి వాకిట్లో తిరిగే, రక్తం తక్కువైన పిల్లవాడిని లెక్కలో కూర్చోబెడితే వచ్చే అంకె, విదేశీ పట్టికలోని అంకె కన్నా చిన్నదే అవుతుంది.

ఆచరణలో ఈ జ్ఞానమంతా ఎంతవరకు ఉపయోగపడుతుందంటే, ఆశ పడదగ్గ సూచనలు ఎక్కువగా లేవు. గుర్తించిన స్థలాన్ని ఎంత కాలంలో శుద్ధి చేయాలన్న గడువు కొత్త నియమాల్లో లేదు. ఈలోగా నేలల వాడకం మారిపోతున్నది: హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు లోపల, దాని చేరువలో ఉన్న 9 వేలకు పైగా ఎకరాల పారిశ్రామిక భూములను ఇతర అవసరాలకు మార్చుకొనే వీలు కల్పిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2025 నవంబరులో ఒక విధానం తెచ్చింది. బాలానగర్, జీడిమెట్ల, నాచారం, కాటేదాన్ వంటి పాత వాడలు ఇందులో ఉన్నాయి. భూమి ధర గురించీ, కట్టవలసిన రుసుము గురించీ జరిగినంత వాదన మట్టి గురించి జరగలేదు. పారిశ్రామిక నేలకు ప్రమాణం సడలించి పెట్టేది అక్కడ తిరిగేవారు పెద్దలన్న భరోసాతోనే. అపార్టుమెంటు లేచిన రోజున ఆ భరోసా చెల్లదు. కనుక భూవినియోగ మార్పిడికి దరఖాస్తు అందినప్పుడే, మట్టిలో మొత్తం లోహమెంతో, అందులో కడుపులో కరిగేదెంతో రెండు అంకెలనూ అడగాలి. రెండో అంకెకు కావలసింది జల్లెడ పట్టిన ఒక గ్రాము మట్టి, కాస్త గ్లైసీన్, కాస్త ఆమ్లం, ఒక గంట సమయం. ఆ ఖర్చు చదరపు గజం ధరలో లెక్కకు కూడా రాదు.