తాతల ఊళ్లు... అవ్వల బ్యాండ్లు!

మీకు తెలుసా? జపాన్‌లో ఒక ఊళ్లో వందమందిని వరసగా నిలబెడితే, అందులో 65 మంది 65 ఏళ్లు నిండినవారే! గున్మ ప్రాంతపు కొండల్లో ఉంది నన్మోకు అనే ఆ గ్రామం. 2020 జనగణనలో దేశంలోకెల్లా ముసలి ఊరు అదేనని తేలింది. 65కి 65... లెక్క ఎంత చక్కగా కుదిరిందో చూడండి!

ఇదే ఊళ్లో 1955లో పదివేలకు పైగా జనం. 2020 నాటికి మిగిలింది 1,600 చిల్లర. పిల్లలు ఉద్యోగాలకని పట్నం బస్సెక్కారు, కన్నవాళ్లు ఊళ్లో ఉండిపోయారు. ఎక్కడో విన్నట్టుంది కదూ ఈ కథ!

మీకు తెలుసా? ఊరికి ఊరే ఐపీ పెట్టేసిన సంగతి! హొక్కయిదోలోని యుబారి బొగ్గు గనుల పట్నం. 1960లో లక్షా 16 వేల పైచిలుకు జనాభా. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, కుర్రకారు కదిలిపోయింది, అప్పులు మాత్రం కదల్లేదు. 2007లో పురపాలక సంస్థ దివాలా తీసింది. ఇప్పుడక్కడ 7 వేల మంది కూడా లేరు!

అలాంటి ముసలి పట్నం 2011లో మేయర్‌గా ఎవర్ని ఎన్నుకుందో చెప్పుకోండి? 30 ఏళ్ల నవోమిచి సుజుకిని! అప్పటికి దేశంలో అంత చిన్న వయసు మేయర్ ఇంకొకరు లేరు. 2019లో ఆయన హొక్కయిదో గవర్నరే అయ్యారు. తాతలు వేసిన ఓటు వృథా పోలేదు!

అదే ఏడాది యుబారి కర్బూజ పళ్ల వేలం. రెండంటే రెండు పళ్లు. ధర? 50 లక్షల యెన్లు! అప్పటి మారకంలో సుమారు 30 లక్షల రూపాయలు. కోయడానికి చెయ్యెలా ఆడిందో!

మీకు తెలుసా? షికోకు దీవిలోని నగోరోలో మనుషులకంటే బొమ్మలే ఎక్కువ! జనం ముప్పై మంది లోపే, బొమ్మలు వందల్లో. స్థానికురాలొకామె చేను కాపలాకి తన తండ్రి పోలికతో ఒక దిష్టిబొమ్మ చేసింది. ఆ తరవాత ఊరు విడిచినవారికీ కాలం చేసినవారికీ తలొక బొమ్మ చేస్తూ వచ్చింది. 2012లో బడి మూసేశారు. ఇప్పుడు ఆ బెంచీల మీదా బొమ్మలే. అల్లరి చేయని తరగతి అదొక్కటే అయివుంటుంది!

ఇక నాకు అన్నిటికన్నా ముద్దొచ్చే ఊరు కమికట్సు. అదీ షికోకులోనే. 1,500 లోపు జనం ఉండే ఊళ్లో సగానికి పైగా పెద్దవాళ్లు. వాళ్ల వ్యాపారమేమిటో తెలుసా? ఆకులు! 1981లో గడ్డకట్టే చలికి నారింజ చెట్లు మాడిపోయాయి. 1986లో అక్కడి వ్యవసాయ సలహాదారు తొమోజి యొకోయిషి ఒక దారి చూపించారు. హోటళ్లలో పళ్లేల అలంకరణకి ఎర్రటి మేపుల్ ఆకులు, పూల రెమ్మలు పంపుదామన్నారు. గుమ్మానికి మామిడాకులు కట్టే మనకి ఆకు విలువ చెప్పాలా!

ఇప్పుడు ఆ ఊరి అవ్వలు పొద్దున్నే ట్యాబ్ తెరుస్తారు. ఏ ఆకుకి గిరాకీ ఉందో, అమ్మకాల్లో తమ స్థానం ఎంతో చూసుకుంటారు. పక్కింటావిడ ముందుకెళ్లిందంటే మరి నిద్ర పట్టదు! పెరట్లో ఆకు కోసి, పొందికగా పెట్టెల్లో సర్ది పంపిస్తారు. ఒకటీ రెండూ కాదు, 300 రకాలకు పైనే. వయసు మీరినవారు ఊరికి భారమనేవాళ్లని ఒక్కసారి కమికట్సు తీసుకెళ్లాలి.

అన్నట్టు, ఆ ఊరికి చెత్త బండి రాదు! జనమే చెత్తని 40కి పైగా రకాలుగా వేరు చేస్తారు. తడి, పొడి అనే రెండు బుట్టల దగ్గరే మనం తడబడుతున్నాం మరి!

మీకు తెలుసా? ఒకినావాలోని కొహామా దీవిలో ఒక పాటల బృందం ఉంది. పేరు కేబీజీ84. చేరాలంటే కనీస వయసు 80! 2015లో పాట రికార్డు చేసి విడుదల కూడా చేశారు. డెబ్బై ఏళ్ల అవ్వకి అక్కడ చోటు లేదు, ఇంకా చిన్నపిల్ల కదా!

ఒకినావాలోనే ఉన్న ఒగిమి గ్రామం 1993లో తనది దీర్ఘాయుష్షులో దేశంలోకెల్లా మేటి ఊరని ప్రకటించుకుంది. అక్కడొక రాతి ఫలకం ఉంది. ఎనభైలో ఇంకా పసివాడివేననీ, తొంభైలో పైనుంచి పిలుపొస్తే నూరు నిండేదాకా ఆగమని తిప్పి పంపమనీ దాని సారాంశం. యముడికే వాయిదా!

మీకు తెలుసా? 1963లో జపాన్ మొత్తం మీద నూరేళ్లు నిండినవారు 153 మందే. 2025లో? 99,763! అందులో నూటికి 88 మంది ఆడవాళ్లే. నూరు నిండేవారికి ప్రభుత్వం వెండి గిన్నె బహుమతి ఇచ్చేది. గిన్నెలు ఇచ్చీ ఇచ్చీ ఖర్చు తట్టుకోలేక 2016 నుంచి వెండి పూతతో సరిపెడుతోంది!

పిల్లలు తగ్గి ఊళ్లు ముసలివైపోయే ఈ గాలికి ఎదురీదిన ఊరూ ఉంది. ఒకయామా ప్రాంతంలోని నగి. ఆరువేల లోపు జనం. పిల్లల చదువుకీ వైద్యానికీ ఊరే చేయూతనిచ్చింది. 2019లో అక్కడ స్త్రీకి సగటున 2.95 మంది పిల్లలు. జపాన్ సగటు అప్పుడు 1.36. రెట్టింపుకు మించి!

మరి మన లెక్క తెలుసా? జనాభా తగ్గకుండా నిలవాలంటే ఈ సగటు 2.1 ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ 1.8, ఆంధ్రప్రదేశ్ 1.7. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనని ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది కూడా! ఒకప్పుడు వద్దన్నవారే ఇప్పుడు కనమంటున్నారు!

ఈసారి ఊరెళ్లినప్పుడు మీ వీధిలో 65 దాటినవారెందరో, బడిలో పిల్లలెందరో లెక్కపెట్టి చూడండి.