కయ్యలో విషం చేరితే కడిగేదెట్లా?

సంగం: ఈ ప్రాంతపు రైతుకు ఎప్పుడూ నీటి బెంగే గాని మట్టి బెంగ లేదు. 1880ల్లో కట్టిన పాత ఆనకట్ట స్థానంలో 2022లో కొత్త బ్యారేజీ వచ్చింది. పెన్నలో నీళ్లుంటే మొదటి కారూ ఎడగారూ రెండూ పండుతాయి, లేకుంటే కయ్యలు బీడు. మట్టి మాత్రం తాతల నాటిదే, దానికేమవుతుందిలే అన్న ధీమా అందరిలోనూ ఉంది.

పటాన్‌చెరు దగ్గరి రైతులూ ఒకప్పుడు ఇలాగే అనుకున్నారు. అప్పటి మెదక్ జిల్లాలో, మంజీరలో కలిసే నక్కవాగు కింద వరి పండించుకునే పల్లెలవి. 1970ల తర్వాత వచ్చిన ఫ్యాక్టరీల మురుగు వాగులోకి చేరింది. అదే నీరు మళ్లకు పారింది. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రైతులకు నష్టపరిహారం, పల్లెలకు తాగునీరు ఇవ్వాలని ఉత్తర్వులు వచ్చాయి. 1994లో మురుగు శుద్ధి కేంద్రం పెట్టారు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు అక్కడి మట్టిని పరీక్షించగా ఆర్సెనిక్, అంటే మన పాషాణం, మరికొన్ని లోహాలు మోతాదు మించి కనిపించాయి. నీటిని శుద్ధి చేయవచ్చు, కాని మట్టిలో దిగిన లోహం మురిగిపోదు, ఎండకు ఆవిరి కాదు. పురుగు మందు కొన్నాళ్లకు విరిగిపోతుందేమో గాని లోహం అలాగే ఉండిపోతుంది.

దీన్ని నిజంగా కడిగి చూపినవారు జపాను వారు. తొయామా ప్రాంతంలో కమియోకా జింకు, సీసం గని నుంచి కాడ్మియం అనే లోహం జింజు నదిలోకి చేరి, ఆ నీటితో పండిన బియ్యం తిన్నవారికి ఎముకలు పెళుసై విరిగిపోయాయి. రోగులు 'ఇతాయ్, ఇతాయ్' అని, అంటే 'నొప్పి, నొప్పి' అని అరిచేవారట. ఆ కేకే జబ్బు పేరైంది. 1968లో అక్కడి ప్రభుత్వం కాడ్మియమే కారణమని ఒప్పుకుంది. ఆ తర్వాత 1979 నుంచి 2012 వరకు 33 ఏళ్ల పాటు 863 హెక్టార్లలో, అంటే రెండు వేల ఎకరాల పైచిలుకు, చెడిన మట్టిని అడుగున పూడ్చి పైన కొత్త మట్టి పరిచారు.

ఆ పని మనం చేయగలమా? లెక్క చూడండి. ఎకరంలో అరడుగు లోతు మట్టి తీస్తే సుమారు 600 ఘనపు మీటర్లు, 850 టన్నుల దాకా తూగుతుంది. ట్రాక్టరు ట్రక్కుకు మూడు ఘనపు మీటర్లు వేసుకున్నా ఎకరానికి 200 ట్రక్కులు తీయాలి, మళ్లీ 200 ట్రక్కులు తోలాలి. బాడుగకే పొలం అమ్ముకోవాల్సి వస్తుంది.

అందుకే మట్టిని తీయకుండా, విషం గింజలోకి ఎక్కకుండా ఆపే మార్గాలు కనిపెట్టారు. ఇక్కడే ఒక చిక్కుంది. కాడ్మియానికీ పాషాణానికీ బొత్తిగా పడదు. కయ్యలో నీరు నిలిస్తే కాడ్మియం గంధకంతో కలిసి గట్టిపడి వేరుకు అందదు. నీరు తీసి మట్టి ఆరితే మళ్లీ విడివడి మొక్కలోకి పోతుంది. అందుచేత జపాను రైతులు వెన్ను తీయడానికి ముందు మూడు వారాలు, తర్వాత మూడు వారాలు మడి ఆరనివ్వరు. పాషాణం సంగతి తలకిందులు. నీరు నిలిస్తేనే అది మట్టిలోని ఇనుపతుప్పును వదిలి మొక్కలోకి ఎక్కుతుంది. దానికి మధ్యమధ్య ఆరబెట్టడమే మందు. పొలంలో ఉన్నది ఏదో తెలియకుండా నీరు కట్టినా తప్పే, తీసినా తప్పే.

సున్నం చల్లితే పులుపు నేలల్లో కాడ్మియం అణగుతుంది. కాని మన చౌడు నేలల్లో సున్నం వేస్తే ఉన్న జింకు కూడా పైరుకు అందకుండా పోతుంది. పాషాణానికి సున్నం పనికిరాదు. పాషాణాన్ని ఆకుల్లోకి పీల్చుకునే ఒక జాతి ఫెర్న్ మొక్క ఉందని 2001లో అమెరికాలో కనిపెట్టారు. కోసి తీసేస్తే విషం కొంత పోతుంది గాని చాలా పంట కాలాలు పడుతుంది. పైగా కోసిన ఆకును ఎక్కడ పారేయాలన్నది మరో తలనొప్పి.

మన దగ్గర గమనించవలసిన సంగతి ఒకటుంది. జింకు ఉన్న ఖనిజంలోనే కాడ్మియం కూడా ఉంటుంది. వరికి జింకు సల్ఫేటు వేయని రైతు ఈ చుట్టుపక్కల అరుదు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం జింకు సల్ఫేటులో సీసం, కాడ్మియం ఇంతకు మించరాదని హద్దు ఉంది. పేరు లేని సంచిలో, బిల్లు లేకుండా చౌకగా ఇచ్చే సరుకుకు ఆ హద్దు ఎవరు చూస్తారు? చౌకగా వస్తుందని ఫ్యాక్టరీ మడ్డి, పట్నం మురుగు బురద తోలించుకోవాలనుకునే వారూ ఇదే ఆలోచించాలి.

మరొక మాట. 2015 నుంచి ఇస్తున్న భూసార పరీక్ష కార్డులో 12 అంశాలు రాస్తారు. నత్రజని, భాస్వరం, పొటాష్‌తో పాటు జింకు, ఇనుము, రాగి అన్నీ ఉంటాయి. పాషాణం, కాడ్మియం, సీసం ఉండవు. వాటిని విడిగా అడిగి పరీక్ష చేయించుకోవాలి.