తడికి కుంచించుకుపోయే తివాచీలు: శుభ్రపరచుటలో మెలకువలు

హోటళ్లలో, కల్యాణ మండపాలలో, బ్యాంకులలో, సమావేశ మందిరాలలో తివాచీ పరచడం నేడు సర్వసాధారణమైంది. పరచినవారికి దాని ధర తెలుసు. కడిగేవారికి దాని స్వభావం తెలియదు. రాత్రి బకెట్లకొద్దీ సబ్బునీరు పోసి తోమిన తివాచీ తెల్లవారి చూసేసరికి గోడకు బెత్తెడు దూరంలో నిలిచి ఉంటుంది. అతుకులు విచ్చుకుంటాయి, అంచులు పైకి లేస్తాయి. ఆ నష్టం తరచుగా తోమిన కూలీ జీతంలోనే కోతగా మారుతుంది. ఆ కూలీకి తివాచీ దేనితో నేసినదో చెప్పినవారు ఎవరూ ఉండరు. తివాచీ గుణం ముందుగా తెలుసుకుంటే ఈ నష్టంలో అధిక భాగం నివారించదగినదే.

కుంచించుకుపోవడానికి కారణం

తివాచీకి పైన కనిపించే నూగు ఒకటి, దానిని పట్టి ఉంచే అడుగు నేత మరొకటి. సాధారణంగా కుంచించుకుపోయేది అడుగు నేతే. అందులో జనపనార గాని నూలు గాని ఉంటే, ఆ పోగులు నీరు పీల్చి లావెక్కుతాయి. మెలిపెట్టిన దారం లావెక్కితే పొడవు తగ్గక తప్పదు. వానకు తడిసిన మోకు బిగుసుకొని ముడి విప్పడానికి వీలుకాకపోవడం పల్లెలలో అందరూ ఎరిగినదే. తివాచీ అడుగున వేలాది దారాలలో జరిగేదీ అదే. 20 అడుగుల పొడవులో నూటికి 2 వంతులు తగ్గినా దాదాపు 5 అంగుళాలు పోయినట్లే.

పెద్ద హోటళ్లలో కనిపించే ఆక్స్‌మిన్‌స్టర్, విల్టన్ రకాల తివాచీలలో నూగు తరచుగా 80 వంతుల ఉన్ని, 20 వంతుల నైలాన్ కలిపి చేసినదై ఉంటుంది. అడుగు నేతలో చాలావాటికి జనపనార వాడతారు. ఇక్కడ రెండు ప్రమాదాలు కలుస్తాయి. ఉన్ని పోగుపై సన్నని పొలుసులుంటాయి. తడి, వేడి, రాపిడి మూడూ కలిసినప్పుడు అవి ఒకదానినొకటి పట్టుకొని నూగు ముద్దకడుతుంది. గొంగళి నేసేవారికి ఇది సుపరిచితమైన గుణం. వారికి మేలు చేసే ఆ గుణమే తివాచీకి చేటవుతుంది.

నీరు తాకక ముందు చేయవలసిన పరీక్షలు

మొదట ఒక మూల ఎత్తి అడుగు చూడాలి. గోధుమవన్నె గరుకు దారాలుంటే జనపనార, తెల్లని మెత్తని దారాలుంటే నూలు కావచ్చు. ప్లాస్టిక్ వల వంటిది మాత్రమే ఉంటే కుంచించుకుపోయే భయం తక్కువ. అయితే జిగురుతో అంటించిన అడుగు మరీ తడిస్తే పొరలుగా విడిపోవచ్చు.

రెండవది పోగు పరీక్ష. కనబడని అంచు నుండి రెండు మూడు పోగులు తీసి, తివాచీకి దూరంగా, పళ్లెంలో వెలిగించాలి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగిలితే ఉన్ని. కాగితం కాలిన వాసన వస్తే నూలు లేదా జనపనార. కరిగి గట్టి పూసలా మారితే నైలాన్ వంటి కృత్రిమ పోగు.

మూడవది రంగు పరీక్ష. తడిపి పిండిన తెల్లని గుడ్డను ప్రతి రంగుపైనా కొన్ని నిమిషాలు అదిమి ఉంచాలి. గుడ్డకు రంగు అంటితే ఆ తివాచీకి తడి పద్ధతి పనికిరాదు.

చివరగా పొడవు, వెడల్పులను మూడేసి చోట్ల కొలిచి పుస్తకంలో రాసుకోవాలి. పాత మరకలను, చిరుగులను కూడా నమోదు చేయాలి. తరువాత వివాదం వస్తే యజమానికీ పనివానికీ ఆ పుస్తకమే సాక్షి.

తక్కువ తడితో శుభ్రపరచడం

తివాచీలో చేరే మురికిలో అధిక భాగం పొడి దుమ్మే. ద్వారం వద్ద మంచి పట్టాలు వేసి, రోజూ వ్యాక్యూమ్ క్లీనర్‌ను నిదానంగా నడిపితే కడగవలసిన అవసరమే చాలావరకు తగ్గుతుంది. కుచ్చుల మీద మాత్రం తిరిగే బ్రష్షును పోనివ్వకూడదు.

లోతుగా శుభ్రం చేయవలసినప్పుడు జనపనార లేదా నూలు అడుగు గల తివాచీకి పొడి పద్ధతి శ్రేష్ఠం. మురికిని పీల్చే పొడిని చల్లి, మెత్తని బ్రష్షుతో నూగులోకి పంపి, డబ్బాపై చెప్పిన సమయం ఆగి, వ్యాక్యూమ్‌తో తీసివేయాలి. నురుగు మాత్రమే వాడే పద్ధతి, ఆరిన తరువాత స్ఫటికాలుగా మారి దుమ్ముతో కలిసి వచ్చే ద్రవాల పద్ధతి కూడా ఉన్నాయి. వేడినీటిని చిమ్మి పీల్చే యంత్రం కృత్రిమ పోగుల తివాచీకి తగినది. సున్నితమైన నేతకు అది ప్రమాదకరం.

ఉన్నికి క్షారం గిట్టదు. బట్టల సోడా, ఘాటైన సబ్బుపొడి వాడరాదు. బ్లీచింగ్ ద్రావణం ఉన్ని పోగును కరిగించివేస్తుంది. ఉన్నికి తగినదని డబ్బాపై స్పష్టంగా రాసి ఉన్న ద్రవమే వాడాలి.

పెళ్లిమందిరాల మరకలు

కుంకుమ, పసుపు రాలిన చోట మొదట నీరు తగలరాదు. పొడిగా ఉండగానే వ్యాక్యూమ్‌తో తీయాలి. సబ్బు తగిలితే పసుపు ఎర్రబారడం ప్రతి ఇల్లాలూ ఎరిగినదే. పాయసం వంటివాటిని చెంచాతో ఎత్తి, చల్లని నీటిలో తడిపి పిండిన తెల్లగుడ్డతో అంచు నుండి మధ్యకు అద్దాలి. రుద్దితే మరక పోకపోగా నూగు చెదురుతుంది.

ఆరబెట్టడం

తడి ఎంత తక్కువైనా ఆరబెట్టడం తప్పనిసరి. బళ్లారి ఎండగాలిలో త్వరగా ఆరే తివాచీ, యానాంలోనూ బరంపురంలోనూ సముద్రపు తేమలో ఆలస్యంగా ఆరుతుంది. అక్కడ ఫ్యాన్లు, ఏసీ విధిగా నడపాలి. జనపనార ఎక్కువసేపు తడిగా ఉంటే దాని గోధుమరంగు నూగు పైకి ఎక్కుతుంది, ముక్కవాసన పుడుతుంది. పూర్తిగా ఆరక ముందు కుర్చీలు, బల్లలు పెడితే ఇనుప కాళ్ల తుప్పు అంటుకుంటుంది.

పైపు పగిలి గాని వాననీరు చేరి గాని తివాచీ తడిస్తే మొదట నీటిని యంత్రంతో పీల్చివేయాలి. గోడల వెంట బిగించిన తివాచీని తొందరపడి ఊడదీయరాదు. ఆ బిగింపే దానిని కొంతవరకు పట్టి ఉంచుతుంది. విడి తివాచీని చదునుగా పరచి ఆరబెట్టాలి. తీగపై వేలాడదీస్తే నీటి బరువుకు ఆకారం చెడుతుంది. కుంచించుకుపోయినదాన్ని బలంగా లాగితే దారాలు తెగుతాయి.

చేనేత తివాచీల సంగతి

ఏలూరు తివాచీలో నూలు పడుగు పేకలపై ఉన్ని నూగు ఉంటుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు నూగు లేని నేత. ఒడిశాలో గజపతి జిల్లా చంద్రగిరి టిబెటన్ శిబిరంలో నేసేవి ఉన్ని తివాచీలు. ఇటువంటివి హోటల్ వసారాలో పరచి ఉంటే, దుమ్ము దులపడం వరకే సిబ్బందికి అప్పగించి, కడగడం ఆ నేత తెలిసినవారికి వదలడం ఉత్తమం.

శుభ్రపరిచే పనిని కాంట్రాక్టుకు ఇచ్చే యజమాని తివాచీ ఏ పోగుతో నేసినదో, ఏ పద్ధతి వాడాలో కాగితంపై రాసి ఇవ్వాలి. కొన్నప్పటి చీటీ భద్రపరిస్తే ఆ వివరం అందులోనే దొరుకుతుంది. బకెట్ ఎత్తేవాని చేతికి ఆ కాగితం ముందుగా అందితే, తివాచీ గోడకు ఆనుకొనే ఉంటుంది. అతని జీతం కూడా చెక్కుచెదరదు.